పదహారో ముక్క

పూర్వం ఒక సంస్థానంలో దొరకు కొత్త దశ మొదలవ్వాలంటే ఒక వీధి నేలమట్టం కావాలని జోస్యుడు విరూపాక్షయ్య చెప్పాడు. కళ్లు మూసుకుని, రంగులవాళ్ల వీధి పేరు చెప్పి, జోస్యానికి వాడే బొమ్మల పేకముక్కల్లోంచి ఒకటి తీశాడు. పదహారో అంకె, కూలుతున్న బురుజు బొమ్మ. మూడుసార్లు కలిపి తీసినా అదే వచ్చింది. ఆ వీధి స్థలం మీద జోస్యుడి కన్ను ఏనాటి నుంచో ఉంది.

“రేపే పడగొట్టండి,” అన్నాడు దొర.

రంగులు వేసే గంగులమ్మ ఇల్లు ఆ వీధిలోనే. ఆ ముక్కలకు బొమ్మలు వేసిందీ ఆమే. ఆమె ముందుకొచ్చింది.

“దొరా, నా కళ్లకు గంతలు కట్టించండి. ఈ జోస్యం చెప్పే అయ్యవారి ఇల్లు తలచి నేను ముక్క తీస్తాను.”

“రంగులు కలిపే చేతికి విధి పలుకుతుందటే?” అని జోస్యుడు నవ్వాడు.

ఆమె ముక్కలు తడిమి ఒకటి తీసింది. పదహారు. మళ్లీ కలిపించి తీసింది. పదహారే. మూడోసారీ అదే వచ్చేసరికి జోస్యుడి నవ్వు ఆగిపోయింది.

“ఎలాగే?” అన్నాడు దొర.

“ఈ ఒక్కదానికే లక్క రెండు పూతలు వెయ్యమని అయ్యవారే చెప్పారు దొరా. వేలికి మందంగా తగులుతుంది. కాదు, విధే అంటారా, ముందు ఆయన ఇల్లే పడగొట్టించండి.”

దొర అటు తిరిగాడు. “ఏమయ్యా, విధా, లక్కా?”

విరూపాక్షయ్య చేతులు జోడించాడు.

“లక్కే దొరా.”