విరిగిన పాలు

తిరుపాల్ చేతులకున్నంత వేగం ఆ ల్యాబ్‌లో ఇంకెవరికీ లేదు. ఆ మాట అందరికంటే ఎక్కువసార్లు చెప్పేది కూడా తిరుపాలే.

పిల్లల ఆసుపత్రిలో పసికందులకు ఏ మందుకూ లొంగని జ్వరాలు పట్టుకున్నాయి. వాళ్ల రక్తంలో దొరికిన బ్యాక్టీరియాను పెంచి ల్యాబ్‌కు పంపారు. మందును ఓడించే గుట్టు ఆ బ్యాక్టీరియా లోపలి ప్లాస్మిడ్‌లో ఉంది. ప్లాస్మిడ్ అంటే చిన్న డీఎన్ఏ ఉంగరం. దాన్ని శుభ్రంగా విడదీసి ఇస్తేగానీ ఏ మందు వాడాలో డాక్టరుకు తేలదు.

తొంభై ఆరు గుంటల ప్లేటులో నమూనాలన్నీ ఒకేసారి వేసి తిరుపాల్ రెండుసార్లు చేశాడు. రెండుసార్లూ మురికే వచ్చింది. బ్యాక్టీరియా పెద్ద డీఎన్ఏ దారం ముక్కముక్కలై ఉంగరాలతో కలిసిపోయింది. ఇక మిగిలిన నమూనా ఒక్క ప్లేటుకే సరిపోతుంది.

"ఈ ద్రావణాల కిట్ బాగోలేదు మేడమ్. ఇంకో కంపెనీది తెప్పిద్దాం," అన్నాడు.

ల్యాబ్ పెద్ద జుబేదా మేడమ్ తలెత్తి చూశారు. "ద్రావణాలు పోశాక ఎలా కలుపుతున్నావు?"

"కుదిపే మెషీన్ మీద పెట్టి మేడమ్. ఫుల్ స్పీడ్."

మేడమ్ లేచి, అతన్ని రమ్మని టీ గదిలోకి నడిచారు. అందరి టీ కోసం కాచిన పాలను రెండు సీసాల్లో పోసి, రెండింట్లోనూ నిమ్మకాయ పిండారు. పాలు విరిగాయి.

"అయ్యో మేడమ్, మా టీ!" అని వెనక ఎవరో మొత్తుకున్నారు.

ఒక సీసా తిరుపాల్‌కిచ్చారు. "నీ పద్ధతిలో కలుపు."

మూత బిగించి గిలక్కొట్టినట్టు ఊపాడు. మేడమ్ తన సీసాను మెల్లగా తలకిందులు చేసి, మళ్లీ మెల్లగా నిలబెట్టారు. తనది టీ జల్లెడలో వంచారు. గడ్డలు పైన నిలిచాయి, కిందికి తేట నీళ్లు దిగాయి. జల్లెడ కడిగి అతనిది వంచారు. నలిగిపోయిన గడ్డలు నీళ్లతోపాటే తెల్లగా కిందికి జారిపోయాయి.

తిరుపాల్‌కు సిగ్గేసింది. అంతకంటే ఎక్కువ పంతం వచ్చింది.

వెళ్లి మెషీన్ ప్లగ్ పీకేశాడు. చివరి ప్లేటులో ద్రావణాలు పోసి, పైన మూత అతికించి, రెండు చేతులతో మెల్లగా బోర్లించాడు. మెల్లగా తిప్పాడు. చేతులు తొందరపడినప్పుడల్లా ఆగి, ఊపిరి తీసుకుని మళ్లీ మొదలుపెట్టాడు.

మధ్యలో ఫోన్ మోగింది. స్పీకర్‌లో డాక్టరు. "గంటలో, గంటలో అని నిన్నటి నుంచీ అంటున్నావయ్యా. అసలెప్పుడిస్తావు?"

"టైము చెప్పలేను సార్. ఈసారి మాత్రం ఇస్తాను."

గుంట గుంటలోనూ పెద్ద డీఎన్ఏ దారాన్ని పట్టుకున్న తెల్లని గడ్డలు నలగకుండా తేలాయి. వడపోస్తే ఉంగరాలున్న తేట నీరు కిందికి దిగింది. మిగతా కడగడాలూ అంతే ఓపిగ్గా పూర్తిచేసి పరీక్షకు పెట్టాడు. తెర మీద ఉంగరాలను చూపే గీతలు తప్ప మురికి జాడ లేదు.

పాలు లేని టీ తాగుతూ వచ్చిన మేడమ్ తెర వైపు చూశారు.

"ఇప్పుడు డాక్టరు గారికి నువ్వే ఫోన్ చెయ్యి," అన్నారు.