మనింట్లో మైల

యుద్ధం గెలిచిన రాజు మేళాలతో ఊరేగుతూ దారిలో బడి దగ్గర ఆగి, పిల్లల్ని పరీక్షించాడు.

"'ప్రజలు నా బిడ్డలే' అంటాను నేను. ఇది ఏ అలంకారం?"

"రూపకం, ప్రభూ! ప్రజలకీ బిడ్డలకీ భేదమే లేదని చెప్పడం!"

బడికి చాపలు తెచ్చిన నూకాలు గుమ్మంలోనే నిలబడిపోయింది. ఆ యుద్ధంలో పోయిన కొడుకు పైడయ్యకు దినవారాలింకా ముగియలేదు.

"నిజంగా భేదం లేదా, దొరా?"

"లేనే లేదు!" అన్నాడు రాజు.

"అయితే మన పైడయ్య పోయాడు దొరా. మనింట్లో మైల. మేళాలెలా పెట్టిస్తారు?"

రాజు మెడలో దండ తీసేశాడు. బాజాలు ఆగిపోయాయి.

"ఒరే పైడీ, రాజుగారి ఊరేగింపే ఆపించేశాన్రా!" అంటూ నూకాలు ఇంటి తలుపు తోసింది.

పిలిచాక గాని గుర్తు రాలేదు.