గువ్వ గూట్లో మూడు కానుగాకులు

అనగనగా ఒక అడవి. ఆదివారం వస్తే గంట మోగే అడవి అది. గంటంటే నిజం గంట కాదులెండి, వడ్రంగిపిట్ట ఎండుమానును టకటకా కొట్టేది. ఆ చప్పుడు వినగానే అందరూ వాగు పక్కనున్న పెద్ద బండ దగ్గరికి చేరేవారు. పాటలు పాడి, ప్రార్థన చేసుకుని, ఆ బండ చుట్టూ కూర్చుని ప్రేమవిందు చేసుకునేవారు. తాబేలు దానియేలు తాత వాళ్ళ సంఘపెద్ద.

ఆ విందుకొక పద్ధతి ఉంది. ఎవరినైనా మాటతో నొప్పించినవాళ్ళు బండ దగ్గర కూర్చోకూడదు. అవతల కానుగ చెట్టు కింద కూర్చోవాలి. తప్పు తెలుసుకున్నాక ఒక పచ్చటి కానుగాకు పంపాలి. నొచ్చుకున్నవాళ్ళు ఆ ఆకు పుచ్చుకుంటే సమాధానపడినట్టే. అప్పుడు మళ్ళీ బండ దగ్గరికి రావచ్చు.

ఆకులు చేరవేసే పని గువ్వ రిబ్కమ్మది. బైబిల్లో జలప్రళయం నీళ్ళు తగ్గాయో లేదో చూడ్డానికి వెళ్ళి, నోవహు ఓడలోకి ఆకు తెచ్చింది గువ్వే కదా! ఆ సంగతి రిబ్కమ్మ ఎవరినీ మరిచిపోనిచ్చేది కాదు.

"అది మా వంశం తెచ్చిన ఆకు," అని రోజూ ఎవరో ఒకరి చెవిన వేసేది.

పని మాత్రం బాగా చేసేది, అబద్ధమెందుకు? ఆమె తీసుకెళ్ళిన ఆకును కాదన్నవాళ్ళు లేరు.

ఒక ఆదివారం పాటలయ్యాక రిబ్కమ్మ కాకి మార్తమ్మ పక్కన వాలింది. ఇంకెవరికీ వినబడకుండా ఇలా అంది.

"ఓడలోంచి ముందు పంపింది మీ కాకినేగా మార్తమ్మా? పని చెబితే పత్తా లేకుండా పోయింది. మీ వాళ్ళని నమ్ముకుంటే అంతే!"

మార్తమ్మకు ఒళ్ళు మండింది. అందరికీ వినబడేలా అరిచింది.

"ముందు నీ గూడు చూసుకో! నాలుగు పుల్లలు అడ్డంగా పెట్టి గూడంటావు. అందుకే పోయినేడు నీ గుడ్డు జారిపడింది!"

ఆ గుడ్డు కోసం రిబ్కమ్మ ఎంత ఏడ్చిందో అందరికీ తెలుసు. ముందు గిల్లింది ఎవరో మాత్రం ఎవరికీ తెలియదు. మార్తమ్మ తల దించుకుని కానుగ చెట్టు కిందికి వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున్నే మార్తమ్మ ఆకు పట్టుకుని రిబ్కమ్మ గూటికి వచ్చింది.

"వదినా, గుడ్డు మాట ఎత్తకుండా ఉండాల్సింది. నోరు జారాను. ఆకు మోసేదానివీ నువ్వే, పుచ్చుకోవాల్సినదానివీ నువ్వే. ఇంకెవరితో పంపను?"

"అక్కడ పెట్టి వెళ్ళు, చూద్దాం," అంది రిబ్కమ్మ.

కాకి వెళ్ళగానే ఆ ఆకును గూట్లో పుల్లల కిందికి తోసేసింది. కొన్నాళ్ళు కూర్చోనీ, తెలిసొస్తుంది అనుకుంది.

ఆదివారం దానియేలు తాత అడిగాడు. "రిబ్కమ్మా, మార్తమ్మ ఆకు పంపిందా?"

"లేదు తాతా."

ఆ మాట అంత తేలిగ్గా ఎలా వచ్చిందో ఆమెకే తెలియలేదు.

రెండో వారం మార్తమ్మ ఇంకో ఆకు తెచ్చింది. అదీ పుల్లల కిందికే పోయింది. ఆ ఆదివారం వాన పడింది. మార్తమ్మ తడుస్తూ కూర్చుంది. రిబ్కమ్మ ఎదురుపడితే, "వందనాలు వదినా," అంది. రిబ్కమ్మ ముఖం తిప్పుకుంది. తాత అడిగితే మళ్ళీ "లేదు తాతా" అంది.

అప్పట్నుంచి ఆమెకు మధ్యాహ్నం కునుకు పట్టడం మానేసింది. ఇటు తిరిగితే కింద ఎండాకు గరగరమనేది. అటు తిరిగినా గరగరే. ప్రార్థన చేద్దామని కళ్ళు మూసుకుంటే వానలో తడిసిన కాకి కనబడేది.

మూడో వారం మూడో ఆకు వచ్చింది. ఇప్పుడు దీన్ని బయటపెడితే ముందువి ఏమయ్యాయని అడుగుతారు. అందుకని అదీ దాచేసింది.

ఇంతలో ముంగిస ముళ్ళపందిని తిట్టింది. ఆకు పంపమంటే, "మార్తమ్మ పంపలేదుగా, నేనెందుకు పంపాలి?" అంది. అదీ వెళ్ళి కానుగ చెట్టు కింద కూర్చుంది.

ఆ ఆదివారం మూడోసారి "లేదు తాతా" అని వినగానే దానియేలు తాత నిట్టూర్చాడు.

"ఇది అందరికీ అంటుకుంటోంది. మార్తమ్మ పేరు సంఘంలోంచి తీసేయక తప్పదు. ఏమ్మా మార్తమ్మా, చెప్పుకునేది ఏమైనా ఉందా?"

మార్తమ్మ రిబ్కమ్మ వైపు ఒకసారి చూసింది. "ఏమీ లేదు తాతా," అంది.

రిబ్కమ్మ గబుక్కున ఎగిరి కాకి పక్కన వాలింది.

"ఎందుకు చెప్పలేదు?" అని గొణిగింది.

"చెబితే నీ మాట పోతుంది వదినా. నువ్వు తెచ్చే ఆకుల్ని ఇక ఎవరు నమ్ముతారు? గొడవలన్నీ అలాగే ఉండిపోతాయి. నేనొక్కదాన్ని పోతే పోనీలే."

రిబ్కమ్మకు సిగ్గుతో తల వాలిపోయింది. అడవిలో అందరినీ కలిపేది తానేనని ఇన్నాళ్ళూ మురిసిపోయింది. నిజంగా ఆ పని చేస్తున్నది, తాను వానలో కూర్చోబెట్టిన ఈ కాకి! ఆమె గూటికి ఎగిరి మూడు ఆకులూ తెచ్చి బండ మీద పెట్టింది. ఒకటి ఎండిపోయింది, ఒకటి పండిపోయింది, ఒకటి ఇంకా పచ్చగానే ఉంది.

"తాతా, ఇవి మార్తమ్మ పంపినవే. నేనే దాచాను. మూడుసార్లూ అబద్ధం చెప్పాను. ముందు మాట అన్నదీ నేనే, వాళ్ళ వంశాన్ని ఎత్తిపొడిచాను."

రిబ్కమ్మ ఒక లేత కానుగాకు తుంచి తెచ్చింది. "ఇది మార్తమ్మకు ఇవ్వాలి. నేను మోయడానికి తగను."

"నేను తీసుకెళ్తాను," అన్నాడు దానియేలు తాత.

బండ నుంచి చెట్టు దాకా ఇరవై అడుగులు. తాబేలు నడక సంగతి మీకు తెలుసు కదా! అడుగు తీసి అడుగు వేస్తున్నాడు. అందరి కళ్ళూ రిబ్కమ్మ మీదే. తల రెక్క కింద దాచుకోవాలనిపించింది. దాచుకోలేదు. "దేవా, క్షమించు," అనుకుంటూ అలాగే నిలబడింది.

మార్తమ్మ ఆకు పుచ్చుకుంది. అది చూసి ముంగిస చప్పుడు చేయకుండా తనూ ఒక ఆకు తుంచుకుంది.

విందు వేళ రిబ్కమ్మ బండ దగ్గరికి రాలేదు. "మార్తమ్మను వానలో కూర్చోబెట్టినదానికి ఇది తక్కువే," అని చెట్టు కిందే కూర్చుంది. కాసేపటికి మార్తమ్మ ముక్కున రేగుపండు పట్టుకుని వచ్చి, సగం కొరికి ఇచ్చి, పక్కనే కూర్చుంది.

"తిను వదినా. తిన్నాక పుల్లలేరుకుందాం పద. గూడు కట్టడం నేర్పిస్తాను. కోప్పడకు, నీకది బొత్తిగా రాదు."

రిబ్కమ్మ ఏడుస్తూనే నవ్వింది. ఆ మధ్యాహ్నం ఆమెకు కళ్ళు మూయగానే కునుకు పట్టింది. ఆ తర్వాత ఎవరైనా ఓడ సంగతి ఎత్తితే, "కాకి కూడా ఎగిరింది పాపం, దానికి వాలే చోటు దొరకలేదు," అనేది.

నీతి: పదిమందిని సమాధానపరచాలనుకునేవాళ్ళు ముందు తమ తప్పు ఒప్పుకోవాలి; తప్పు దాచుకున్న మనసులో దేవుడిచ్చే నెమ్మది నిలవదు.