కొంగున మిగిలిన ముళ్లు

తను పంపిన రోగి గవరయ్య పట్నం చేరాడో లేదో డాక్టరు విద్యాధర్‌కి తెలియదు. ఆ మాట పెద్ద డాక్టరమ్మ సుగుణమణి గారితో అనడానికి నోరు రాలేదు.

"చీటీ రాసిచ్చాను మేడమ్. హెపటైటిస్ బి, లివరు డాక్టరుకి చూపించాలని. పన్నెండు రోజులైంది."

"చేరాడా?"

"కంప్యూటర్లో ఎక్కించాను. ఈ నెల నేను పంపినంతమందిని ఇక్కడ ఎవరూ పంపలేదు."

ఆవిడది ఆ ఊరి ఆసుపత్రిలో ముప్పై ఏళ్ల సర్వీసు. పట్నం పంపిన ప్రతి రోగికీ కొంగున ఒక ముడి వేసుకునేవారు. చేరినట్టు కబురొస్తేనే విప్పేవారు. రోజూ చీర మారేది, విప్పని ముళ్లు కొత్త కొంగుకి చేరేవి. కుర్ర డాక్టర్లు చాటుగా నవ్వుకునేవారు. అందరిలోకీ విద్యాధర్ నవ్వే పెద్దది.

ఆవిడ అతని మెళ్లోంచి స్టెతస్కోపు తీసి, గొట్టాన్ని మెలితిప్పి ముడి బిగించారు.

"కబురు తెచ్చి విప్పుకో. నీ లైనులో రోగుల్ని నేను చూస్తాను."

గవరయ్య ఇంటికి ఫోను చేస్తే ఎవరూ ఎత్తలేదు. విద్యాధర్ బైకు తీశాడు. జీడిపిక్కల బట్టీ వెనక చాప మీద ఉన్నాడు గవరయ్య. కళ్లు పసుపు ముద్దలు. పొట్ట ఉబ్బిపోయింది. పేరడిగితే ఏదో ఊరి పేరు చెబుతున్నాడు.

"పట్నం వెళ్లమన్నాను కదమ్మా!"

"ఎల్లాం బాబూ," అంది అతని భార్య. "సోమారం ఎల్తే, ఆ డాక్టరు లచ్చివారమే కూకుంటాడన్నారు. తిరిగొచ్చీసి పసరు పోయించాం."

"ఆ సంగతి నన్నడగొచ్చు కదా?"

"అడగబోయాను. నువ్వు చీటీ చేతిలో ఎట్టి, 'నెక్స్ట్' అన్నావు."

లివరు డాక్టరు నంబరు ఏడాదిగా విద్యాధర్ ఫోనులోనే ఉంది. ఆ రోజే మొదటిసారి దానికి ఫోను చేశాడు. అంబులెన్సులో గవరయ్య చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు. దారి పొడవునా పేరు అడుగుతూనే ఉన్నాడు. గవరయ్య ఆ ఊరి పేరే చెబుతున్నాడు.

"ఇంకొక్క రోజు ఆగి ఉంటే..." అన్నాడు లివరు డాక్టరు.

మూడో రోజు ఉదయం విద్యాధర్ తిరిగొచ్చాడు. స్టెతస్కోపు ముడి అలాగే ఉంది.

"చేరాడు మేడమ్. ఇవాళ తెల్లారి తన పేరు తనే చెప్పాడు."

ఆవిడ కొంగు చాపారు. అతను వంగి, గోళ్లతో ఒక ముడి విప్పాడు. ఇక కొంగు వదలబోయాడు.

"ఇంకా మూడున్నాయి బాబూ," అన్నారావిడ. "అవీ నీవే."