జనవరి ఒకటిన పుట్టినవాళ్లు

కర్నూలులోని ఒక పెద్ద ఆసుపత్రిలో, ప్రోగ్రాము ఆగకుండా నడిస్తే చాలు అది చూపిందంతా నిజమేనని నమ్మే మద్దిలేటి అనే ప్రోగ్రామర్ ఉండేవాడు.

ఏడేళ్లుగా ప్రోగ్రాములు రాసి రాసి అతనికి విసుగొచ్చింది. ఆసుపత్రిలో కొత్తగా డేటా మైనింగ్ విభాగం పెడుతున్నారని తెలిసి, అందులో చేరాలని ఉబలాటపడ్డాడు. గుట్టలుగా పడివున్న పాత వివరాలను తవ్వి, ఎవరికీ తెలియని సంగతులు బయటికి తీసే పని అది. ఆ విభాగానికి పెద్ద నసీమా మేడం. ఆమె అతనికి లక్షమంది రోగుల వివరాలిచ్చి, వారంలోగా పనికొచ్చే సంగతి ఒక్కటి తెస్తే ఉద్యోగం ఇస్తానన్నారు.

రెండో రోజే మద్దిలేటి ఎగిరి గంతేశాడు. జనవరి ఒకటిన పుట్టినవాళ్లలో చక్కెర జబ్బు మిగతావాళ్లకంటే మూడింతలు ఉంది! క్యాంటీన్‌లో కనిపించిన వాళ్లందరికీ చెప్పాడు. ఆ సూత్రానికి తన పేరే పెట్టాలనుకున్నాడు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అంటే ఇదే.

నసీమా మేడం కాగితం చూసి మెచ్చుకోలేదు, కాదనీ అనలేదు.

"ఆ రోజు పుట్టినవాళ్లకే ఎందుకు?" అని మాత్రం అడిగారు.

ఆ ప్రశ్న మద్దిలేటిని చెప్పులో రాయిలా గుచ్చుతూనే ఉంది. మర్నాడు పొద్దున్నే రోగుల పేర్లు నమోదు చేసే కౌంటరు దగ్గరికి వెళ్లి కూర్చున్నాడు. ఏడేళ్లలో అతను అక్కడికి వెళ్లడం అదే మొదటిసారి.

కౌంటరులో ఉండే సుంకమ్మ ఒక అవ్వను పుట్టిన తేదీ అడిగింది.

"తేదీ ఎవరికి తెలుసు తల్లీ? శెనక్కాయలు పీకే నాళ్లలో పుట్టినానంట. అరవై దాటింటాయి" అంది అవ్వ.

సుంకమ్మ వయసును బట్టి ఏడాది లెక్కగట్టి, కంప్యూటర్లో జనవరి ఒకటి అని కొట్టింది. మద్దిలేటి ఉలిక్కిపడి, అలా ఎందుకు వేశావని అడిగాడు.

"ఏం చేయాల సార్? తేదీ ఎయ్యకపోతే మీ ప్రోగ్రాము చీటీ ఇయ్యదు. ముసలోళ్లలో సగంమందికి తేదీ తెలీదు. ఆరేండ్లుగా ఇట్లే ఏస్తున్నా."

ఆ ప్రోగ్రాము రాసింది మద్దిలేటే. తేదీ గడి ఖాళీగా వదలడానికి వీల్లేదని పట్టుబట్టిందీ అతనే. జనవరి ఒకటిన పుట్టినవాళ్లంటే పుట్టినరోజు తెలియని పెద్దవాళ్లన్నమాట. వయసు మీదపడ్డవాళ్లకు చక్కెర జబ్బు ఎక్కువుంటే అందులో వింతేముంది? ఆ జిల్లాలో తొలకరి వానకు చేలల్లో వజ్రాలు వెతికేవాళ్లు సైతం దొరికిన రాయిని తెలిసినవాడికి చూపించాకే సంబరపడతారు. ఇతను తాను పూడ్చిన గులకరాయినే తవ్వి తీసి ఊరంతా చాటాడు. సిగ్గుతో అతని చెవులు వేడెక్కాయి.

ఉద్యోగం పోయినట్టేననుకుంటూనే వెళ్లి జరిగింది జరిగినట్టు చెప్పాడు. నసీమా మేడం నవ్వారు.

"పనికొచ్చే సంగతి తెమ్మన్నాను, తెచ్చావు. ముందు ఆ గడి సరిచేసి, రేపు వచ్చి చేరు."

మద్దిలేటి ఆ సాయంత్రమే 'తేదీ తెలియదు' అని రాసే వీలు కల్పించాడు. క్యాంటీన్‌లో మాత్రం అతన్ని చాలాకాలం 'జనవరి మద్దిలేటి' అనే పిలిచారు. అతను కోపగించుకోలేదు.

నీతి: అంకె దొరకగానే నిజం దొరికినట్టు కాదు; ఆ అంకె వేసిన మనిషిని అడిగి తెలుసుకున్నాకే దాన్ని నమ్మాలి.