గీత జరిపిన కారు

ఏరా పిల్లలూ, గోడగడియారం వెనకబడిందనుకోండి. ముల్లు తిప్పి సరిచేస్తారా, పలక మీది అంకెలు చెరిపేసి కొత్తచోట రాస్తారా? ముల్లే తిప్పుతారా? అయితే మీరు నక్కపాలెం వాళ్ళ ఇంట్లో పుట్టాల్సిన వాళ్ళు కాదు.

ఆ ఇంట్లో ముగ్గురు. గౌరునాయుడు, అతని పెళ్ళాం అప్పలకొండ, తమ్ముడు సింహాద్రి. తెలివంతా తమ ఇంట్లోనే కాపురముందని ముగ్గురికీ నమ్మకం. వాళ్ళ పాతకారులో నీళ్ళపంపు చెడితే ఇంజను తామే విప్పారు, తామే బిగించారు. చివర్లో నాలుగు బోల్టులు మిగిలాయి.

"చూశావా తమ్ముడూ, కంపెనీవాళ్ళు పెట్టిన బరువు తగ్గించేశాం!" అన్నాడు గౌరునాయుడు.

సింహాద్రి మనసు మాత్రం బోల్టుల మీద లేదు. అప్పటికి అయిదు పెళ్ళిసంబంధాలు తప్పిపోయాయి. ఇది ఆరోది. ఆ రోజు దీపాలు పెట్టే వేళలోగా పెళ్ళిచూపులకు రాకపోతే ఇంకో సంబంధం చూసుకుంటామని పిల్ల తండ్రి ఖరాఖండిగా చెప్పాడు. పిల్ల ఫోటోని సింహాద్రి జేబులోంచి తీసి చూడటం, మళ్ళీ పెట్టుకోవడం.

కారు స్టార్ట్ చేశారు. అంతే! ముసలి గేదె దగ్గినట్టు దగ్గింది, వణికింది, నల్లపొగ కక్కి ఆగిపోయింది. పట్నంలో ఉన్న మెకానిక్కు ఖాదరుకు ఫోను కొట్టారు.

"టైమింగు బెల్టు తప్పుగా ఎక్కించి ఉంటారు," అన్నాడతను.

ఇక్కడ కాస్త శ్రద్ధగా వినండి. ఇంజనుకు పైన ఒక చక్రం, కింద ఒక చక్రం. రెంటినీ కలిపి తిప్పేది ఆ బెల్టు. కోలాటంలో ఇద్దరూ ఒకే తాళానికి కర్ర వెయ్యాలి కదా, ఒకడు తప్పితే రెండోవాడి వేళ్ళు పచ్చడి. ఇదీ అంతే. అందుకే ఒక్కో చక్రం మీద ఒక గీత, దాని ఎదురుగా ఇంజను మీద ఒక గుర్తు పెడతారు. గీత గుర్తుకు ఎదురుగా నిలిచాకే బెల్టు ఎక్కించాలి.

"గీతలు గుర్తులకు ఎదురుగా ఉన్నాయా?" అని అడిగాడు ఖాదరు.

"కిందది ఉంది. పైది కాస్త పక్కకుందండీ."

"అదే రోగం! రెండూ కలిసేలా చూడండి. కలిస్తేనే స్టార్ట్ చెయ్యండి."

అప్పలకొండ ఇంజనులోకి తొంగిచూసి బుగ్గన వేలు పెట్టుకుంది. "ఇంత లావు బెల్టు ఊడబీకడం దేనికి మరిదీ? ఈ చిన్న గీతను జరిపితే పోదూ?"

"వదినా, నువ్వు కలెక్టరువి కావలసినదానివి!"

ఇంకేముంది, పాత గీతను కత్తిపీటతో గీకేశారు. గుర్తుకు సరిగ్గా ఎదురుగా, ముగ్గేసే చెయ్యి కదా, సున్నంతో ఆవిడ అందంగా కొత్త గీత దిద్దింది. కలిశాయని ఖాదరుకు చెప్పారు. స్టార్ట్ చేస్తే ఈసారి టకటకమని లోపల ఇనుము ఇనుమును కొట్టుకుంది. ఫోనులో ఆ చప్పుడు వినగానే ఖాదరు "ఆపండి బాబోయ్!" అని కేకేసి, బండెక్కి పరుగున వచ్చాడు.

సున్నంగీత చూసి నెత్తి కొట్టుకున్నాడు. "జ్వరం చూసే గొట్టంలో అంకెలు మారిస్తే జ్వరం తగ్గుతుందా తల్లీ?" అన్నాడు.

"తగ్గదా?" అని ఆశ్చర్యపోయింది అప్పలకొండ.

అదృష్టం, లోపల ఏమీ విరగలేదు. ఖాదరు సున్నం తుడిచాడు, గీకేసిన గీత ఆనవాలు వెతికి పట్టుకున్నాడు, బెల్టు విప్పి సరిగా ఎక్కించాడు. ఇంజను తుమ్మెదలా పాడింది. "ఈ బెల్టు ఇలా కుదురుగా ఉన్నంతకాలం మీ కారుకు ఢోకా లేదు," అని వెళ్ళిపోయాడు.

కుదురుగా ఉందో లేదో చూద్దామని సింహాద్రి బెల్టు మీది మూత తీసి, ఇంజను స్టార్ట్ చేశాడు. చూస్తే ఏముంది! గీతలు గిర్రున తిరిగిపోతున్నాయి!

"అన్నా, మళ్ళీ విడిపోయాయి!"

ఇంజను ఆపారు. చక్రాన్ని మెల్లగా తిప్పి గీతలు గుర్తుల దగ్గరికి తెచ్చారు. ఇక కదలకుండా ఇనుపతీగతో కట్టేశారు. మరి కట్టాక ఇంజను తిరగదు కదా? అందుకని అప్పలకొండను స్టీరింగు ముందు కూర్చోబెట్టి, అన్నదమ్ములిద్దరూ పిల్ల ఊరిదాకా కారు తోసుకుంటూ పోయారు. పొద్దు వాలుతోంది. సింహాద్రి కొత్తచొక్కా పిండితే బిందెడు చెమట.

దీపం పెట్టబోతూ పిల్ల తండ్రి ఎదురొచ్చాడు. "కారు పాడైందా బాబూ?"

"లేదండీ, ఇవాళే బాగుచేయించాం. మళ్ళీ పాడుకాకూడదని తోసుకొచ్చాం," అన్నాడు సింహాద్రి.

పెద్దాయన కారు వైపూ, తడిసిన చొక్కా వైపూ మార్చి మార్చి చూశాడు. "ఆరోదీ పోయింది," అనుకుని సింహాద్రి తల వంచుకున్నాడు. అప్పుడు గుమ్మంలోంచి పిల్ల మంగవేణి గొంతు వినిపించింది.

"నాన్నా, ఇంత జాగ్రత్త మనిషి మళ్ళీ దొరకడు. ఒప్పేసుకో. కానీ ఏవండీ, ఇంతదూరం తోస్తే టైర్లు అరిగిపోవూ? తిరిగెళ్ళేటప్పుడు మోసుకెళ్ళకూడదూ?"

అన్నదమ్ములు ముఖాలు చూసుకున్నారు. "మనకు తట్టనే లేదురా!"

ముహూర్తం అప్పటికప్పుడే ఖాయం చేసుకున్నారు. ఒక మూల గౌరునాయుడు, ఒక మూల సింహాద్రి, ఒక మూల మంగవేణి, ఇంకో మూల ఆ పెద్దాయన కారు పట్టుకున్నారు. ఎంత ముక్కినా లేవదే!

"భయపడకుండా ఎత్తండర్రా," అని లోపలినుంచి ధైర్యం చెప్పింది అప్పలకొండ, "స్టీరింగు నేను గట్టిగానే పట్టుకున్నాను!"

ఇక నవ్వింది చాలు, లేవండి. డాబా మీద వడియాలు సగం పెట్టి వచ్చాను. పిండి ఎండిపోకముందే మిగతావి పెట్టేసి వస్తాను.