వంతెన మీద ఆగిన ఫియట్

రాజమండ్రిలో పాత కార్ల ఇంజన్లకు మొహిద్దీన్ మేస్త్రిది పేరున్న చెయ్యి. ఎవరేమడిగినా ఆయన వెంటనే జవాబు చెప్పేవాడు కాదు. చేతిలో పని ఆపి, నూనె తుడుచుకుని, అప్పుడు నోరు విప్పేవాడు. పన్నెండేళ్ళుగా ఆయన దగ్గర పనిచేస్తున్న తాతారావుకు ఒక్క సంగతి మాత్రం మింగుడుపడలేదు.

ఆ ఉదయం ఒక లెక్చరరు తన పాత ఫియట్ తెచ్చి, రోడ్డు మీద దూసుకుపోయేలా చెయ్యమన్నాడు. దానికి తగిన క్యామ్ షాఫ్టు షెడ్డులోనే ఉంది. వాల్వుల్ని మామూలుకంటే ఎత్తుగా లేపి, ఎక్కువసేపు తెరిచి ఉంచే రకం, మేస్త్రి సానపట్టినదే. తాతారావు దాన్ని చేతిలోకి తీసుకుంటే మేస్త్రి అందుకుని పక్కన పెట్టేశాడు.

"మీ చేత్తో చేసిందాన్ని మీరే ఎందుకు వాడనివ్వరు మేస్త్రిగారూ?" అని తాతారావు అడిగాడు. గొంతులో నిష్ఠూరం దాచుకోలేకపోయాడు.

మేస్త్రి స్టూలు లాక్కుని కూర్చుని, ఇరవయ్యేళ్ళ కిందటి మాట చెప్పాడు. అప్పుడాయన మద్రాసులో పందెం కార్లకు పనిచేసి కొత్తగా వచ్చాడట. కొవ్వూరులో ఎరువుల కొట్టున్న సత్తిరాజు తన ఫియట్ జిల్లాలో అన్నిటికంటే ముందుండాలన్నాడు. మేస్త్రికీ తన పనితనం చూపించాలనే ఉంది. అలాంటి షాఫ్టే వేశాడు. సత్తిరాజు తణుకు దాకా తోలుకెళ్ళి వచ్చి, సంతోషం పట్టలేక ఆయన్ని కౌగిలించుకున్నాడు.

అయితే సత్తిరాజు ఆ కారు తీసేది ఎప్పుడో ఒక ఆదివారం. మిగతా రోజుల్లో నడిపేది అతని భార్య మంగతాయారు. ఆవిడ చెల్లెలు రాజ్యానికి మూత్రపిండాలు చెడిపోయాయి. వారానికి రెండుసార్లు గోదావరి దాటించి రాజమండ్రి ఆస్పత్రిలో రక్తం శుద్ధి చేయించాలి. వంతెన మీద లారీల వెనక నత్తనడక. ఆ షాఫ్టు వేసిన ఇంజను వేగంలోనే బాగుంటుంది, నెమ్మదిస్తే వణికి ఆగిపోతుంది. మంగతాయారు ఆ మాట భర్తతో అంది. పందెం షాఫ్టంటే అంతే, అలవాటు చేసుకోమన్నాడతను.

శ్రావణంలో ఒకరోజు వానలో కారు వంతెన నడిమధ్యన ఆగిపోయింది. సెల్ఫ్ ఎంత కొట్టినా అందుకోలేదు. వెనక బళ్ళవాళ్ళు హారన్లు మోగిస్తూ మంగతాయారును తిడుతున్నారు. వెనక సీట్లో రాజ్యం కాళ్ళు వాచి, ఆయాసంతో కూర్చుని ఉంది. ఆ బళ్ళలోంచి నలుగురు దిగి కారును అవతలకి నెట్టేసరికి మధ్యాహ్నం మూడు గంటలయింది. అప్పటికి ఆస్పత్రిలో ఆవిడ వంతు ఇంకొకరికి ఇచ్చేశారు.

ఆ రోజుకేమీ కాలేదు. కానీ తన మూలంగా అక్క నడిరోడ్డు మీద అన్ని మాటలు పడిందని రాజ్యం మళ్ళీ ఆ కారెక్కలేదు. బస్సులో వెళ్ళేది. ఓపిక లేని రోజున మానేసేది. దసరా రాకముందే పోయింది.

కబురు తెలిసి మేస్త్రి తనంతట తానే కొవ్వూరు వెళ్ళి, ఆ షాఫ్టు తీసి మామూలుది బిగించాడు. ఇంజను మెత్తగా, అదురు లేకుండా తిరిగింది. మంగతాయారు వసారాలో నిలబడి కాసేపు ఆ చప్పుడు విని, లోపలికి వెళ్ళిపోయింది. ఆవిడ మళ్ళీ స్టీరింగు పట్టలేదని తర్వాత ఎవరో చెప్పారు.

తాతారావు ఆయన్ని ఓదార్చబోయాడు. జబ్బు అలాంటిది, అడిగింది సత్తిరాజు, ఇందులో మీ తప్పేముందన్నాడు.

మేస్త్రి తల ఊపాడు, ఒప్పుకున్నట్టూ కాదు, కాదన్నట్టూ కాదు.

"షాఫ్టు వెయ్యడానికి ఆ కారు నడుపుకుంటూ వచ్చి నాకు అప్పగించింది మంగతాయారే," అన్నాడు. "తాళాలు తీసుకున్నాను. రోజూ నడిపేదెవరని ఒక్క మాట అడగలేదు."